ఎడమ బాయిలరు

మూడు రోజులుగా తబారక్ నాతో మంచిగా ఉంటున్నాడు, అదే నాకు నచ్చడం లేదు. మొన్న తన పళ్లెంలోని ఎండుచేప ముక్క తీసి నా అన్నం మీద పెట్టాడు. నిన్న తన లుంగీతో పాటు నా చొక్కా కూడా ఉతికి ఆరేశాడు. ఇవాళ పొద్దున ఓడ బాయిలరు నెత్తిన ఉన్న కన్నంలోకి నేను కాళ్లు దించుతుంటే నా భుజం పట్టుకుని, "మెల్లగా దిగు భాయ్, తొందరేం లేదు," అన్నాడు. ఇన్నేళ్లుగా ఒకే సరంగు కింద, ఒకే కొలిమి ముందు బొగ్గు ఎగదోస్తూ, పక్కపక్క బల్లల మీద పడుకుంటూ బతుకుతున్నాం. ఒక్కనాడైనా నన్ను మెల్లగా దిగమన్న పాపాన పోలేదు వాడు. ఎర్రసముద్రంలో నేను వేడికి తట్టుకోలేక పడిపోయినప్పుడు నా నెత్తిన బాల్చీడు ఉప్పునీళ్లు కుమ్మరించి, "లే, నాటకాలు చాలు," అన్నవాడు. ఆ తబారక్ నాకు తెలుసు, వాడితో నాకు బెంగ లేదు. ఈ కొత్త తబారక్ ఎవడో, వాడి మనసులో ఏముందో నేను ఈ ఇనుప పొట్టలో వెల్లకిలా పడుకుని ఆలోచించాల్సి వస్తోంది. వాడేమో పైన కన్నం పక్కన కాళ్లు చాపుకుని హాయిగా కూచున్నాడు.

సుత్తి దెబ్బ, పెచ్చు ఊడి రాలడం, కంట్లో దుమ్ము, మళ్లీ సుత్తి దెబ్బ. కాగి కాగి నీళ్లలోని ఉప్పంతా ఈ గొట్టాల చుట్టూ గారలా పట్టేస్తుంది. దాన్ని గీకకపోతే ఎంత బొగ్గు మింగినా బాయిలరు ఆవిరి పెట్టదు. ఆవిరి తగ్గితే ఇంజను దొర మా కొలిమి మనుషుల పెద్ద సరంగును తిడతాడు, సరంగు తన కిందున్న తండేలును తిడతాడు, తండేలు మమ్మల్ని తిడతాడు, మా కింద ఎవరూ లేరు కాబట్టి మేం కొలిమిని తిట్టుకుంటాం. అందుకే రేవుకొచ్చినప్పుడల్లా ఒక బాయిలరు చల్లార్చి ఒకణ్ణి లోపలికి పంపుతారు. సన్నగా ఉన్నవాణ్ణి. సన్నగా ఉండటం మా అమ్మ పెట్టిన తిండి పుణ్యం, తినీ తినకా పెరిగినవాళ్లకి ఇలాంటి ఉద్యోగాలు రాసిపెట్టి ఉంటాయి. మా ఊళ్లో వానాకాలమంతా ఇల్లు చుట్టూ నీళ్లే, పక్కింటికి వెళ్లాలన్నా పడవే. ఆ పడవలో కూచునేటప్పుడు కూడా నేను ముందు వేలితో చెక్కల సందులు నొక్కి చూసి గాని కూచునేవాణ్ణి కాదట. "పాలు తాగేటప్పుడు కూడా నా వైపు అనుమానంగానే చూసేవాడివిరా ఉస్తార్, ఇందులో నీళ్లేమైనా కలిపిందా అన్నట్టు," అనేది అమ్మ. కలిపే ఉంటుంది. మా ఇంట్లో అన్నిట్లోనూ నీళ్లు కలిసేవి. నీళ్లు చూసీ చూసీ విసుగెత్తి నిప్పు దగ్గరికొచ్చాను, ఇక్కడ మళ్లీ నీళ్లు వదిలిపోయిన ఉప్పు గీకుతున్నాను.

మూడు దెబ్బలు కొట్టాలి, ఇప్పటికే ఆలస్యమైంది. లోపల ఉన్నవాడు కాసేపటికోసారి సుత్తితో గోడ మీద మూడుసార్లు కొడతాడు, పైన కాపలా కూచున్నవాడు రెండుసార్లు జవాబు కొడతాడు. కేకలేస్తే లాభం లేదు, ఈ ఇనుము మాటను ముక్కలు ముక్కలు చేసి అన్ని వైపుల నుంచీ ఒకేసారి వినిపిస్తుంది, ఏ ముక్కకీ అర్థం ఉండదు. కొట్టాను. వెంటనే రెండు దెబ్బలు వినిపించాయి. చూశారా, వెంటనే. గతేడాది కొలంబోలో ఇదే తబారక్ కాపలా ఉంటే నేను కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పెట్టాక ఎప్పటికో ఒకసారి బద్ధకంగా కొట్టేవాడు, బయటికొచ్చి అడిగితే "బతికే ఉన్నావుగా, సుత్తి మోగుతోందిగా, మళ్లీ జవాబెందుకు," అన్నాడు. ఇవాళ వెంటనే కొడుతున్నాడు. ఎందుకంటారు? నేను ఏమరుపాటుగా ఉండాలని. కాపలా గట్టిగా ఉందనుకుని నేను అడుగుదాకా, ఈ కొలిమి పైకప్పుకీ గొట్టాలకీ మధ్య ఉన్న సందులోకి దిగిపోవాలని. దిగిపోయాను కూడా. ఇక్కణ్ణించి కన్నం దాకా పాకాలంటే భుజం ముందు పెట్టి, ఊపిరి వదిలి, అడ్డు కడ్డీల మధ్య నుంచి పాములా జారాలి. వచ్చేటప్పుడు తేలికే, ఒంటి బరువే కిందకి లాగుతుంది. పోయేటప్పుడే కష్టం.

కుడివైపు గోడకి అవతల కుడి బాయిలరు బుసకొడుతోంది, దాని వేడి ఇక్కడిదాకా తెలుస్తోంది. రేవుల్లో సరుకెత్తే వించిలు తిప్పడానికి ఉండాల్సిన చిన్న బాయిలరు ఎప్పుడో చచ్చింది, దాన్ని బాగుచేయించడానికి ఓడ యజమానికి మనసొప్పడం లేదు. అందుకని పెద్దవాటిలో ఒకటి రగిలించి ఉంచి, ఒకటి చల్లార్చి గీకుతారు. పైన డెక్కు మీద వించిలు గలగలమంటున్నాయి, రంగూను బియ్యం బస్తాలు పడవల్లో నుంచి లేచి మా ఓడ కడుపులోకి దిగుతున్నాయి, మద్రాసు వైపు నుంచి వచ్చిన కోరంగీ కూలీలు వాళ్ల భాషలో ఏదో పాట లాగుతున్నారు. నాకా భాష ఒక్క ముక్క రాదు. మా వాళ్లని బూతులు తిడుతున్నారేమో ఎవరికి తెలుసు, అంత ఉత్సాహంగా పాడుతున్నారంటే తిడుతూనే ఉండాలి. వాళ్ల ఆడవాళ్లు కూడా చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పొగ పీలుస్తారు, ఆ పడవల్లో వంట చేసే ముసలమ్మను చూశాను. నిప్పుతో పని మాది, నిప్పు నోట్లో పెట్టుకునేది వాళ్లు. అలాంటి మనుషులని ఎలా నమ్మడం? వించి గలగలమన్నంతసేపూ కుడి బాయిలరు నిండా ఆవిరి ఉందన్నమాట. కుడి బాయిలరుకీ ఈ ఎడమ బాయిలరుకీ మధ్య ఒక గొట్టం, ఆ గొట్టానికి నా నెత్తిమీద ఒక వాల్వు, ఆ వాల్వుకో ఇనుప చక్రం. ఆ చక్రం మూసి ఉంది, నేనే మూశాను. దాన్ని ఎవడైనా తిప్పితే ఆ ఆవిరంతా ఇటు దూసుకొస్తుంది, నన్ను బయటికి తీశాక కడగడానికి కూడా ఏమీ మిగలదు. చిట్టగాంగువాడొకడికి అలా జరిగిందని కలకత్తాలో కిదిర్‌పూరు సత్రాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాడి పేరు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, వాడి కేక సంగతి మాత్రం అందరూ ఒకేలా చెబుతారు.

అందుకే గావంచా. బాయిలరులోకి దిగేవాడు ముందు చక్రం తన చేత్తో మూసి, తన గావంచా దానికి ముడేస్తాడు. కట్టినవాడే విప్పాలి. సరంగు వచ్చినా ముట్టుకోడు, దొరలు సైతం ఆ గుడ్డపేలిక చూసి పక్కనుంచి వెళ్లిపోతారు. ఎవడి గావంచా ఎవడిదో మాకందరికీ తెలుసు, మొహాలకన్నా బాగా తెలుసు, మసి పట్టాక మొహాలన్నీ ఒక్కటే. నాది కొత్తది, ఎర్ర గళ్లది, మొన్ననే కొన్నాను. ఇప్పుడది నా తలకే ఉంది. పైన కట్టి వదిలేస్తే కోరంగీలు ఊరుకుంటారా, వించిల దగ్గరి మనుషులు ఊరుకుంటారా, అసలు తబారక్ ఊరుకుంటాడా? అందుకని తెలివిగా, మెట్ల కడ్డీ మీద వేలాడుతున్న తండేలు కుతుబ్ చాచా పాత గావంచా తీసి చక్రానికి కట్టి దిగాను, అంచు కాలి, నీలం దారంతో కుట్లు వేసిన గుడ్డ, దాన్ని దొంగ కూడా ఎత్తుకుపోడు. నేను కడుతుంటే తబారక్ చూశాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఏమనబోయాడు? వాడు ఊరుకున్న మాటలే నన్ను చంపుతున్నాయి, అన్నవాటితో నాకు పేచీ లేదు.

వాడికి నాతో ఏం పని పడిందో నాకు తెలియక కాదు. కుతుబ్ చాచాకి కళ్లు పోతున్నాయి. ఆవిరి ముల్లు ఎక్కడుందో చూడాలంటే గాజుకి ముక్కు ఆనించాలి. ఈ ప్రయాణంతో ఆయన ఇంటికి పోతున్నాడు, ఇంకో తండేలు కావాలి. అది నేనైనా కావాలి, తబారక్ అయినా కావాలి, మా గుంపులో మూడోవాడికి ఆ అనుభవం లేదు. తండేలంటే ఏదో రాజ్యం కాదు. కొలిమి తలుపు తెరిచినప్పుడు ముందు నిలబడక్కర్లేదు, అంతే. పార పట్టక్కర్లేదు. గాలిగొట్టం కింద నిలబడి, "నీ నిప్పు నల్లబడింది, నీ నిప్పు సన్నబడింది," అని ఇంకొకడికి చెప్పొచ్చు. నాకది కావాలి. సిగ్గు లేకుండా చెబుతున్నా, నాకది ప్రాణమంత కావాలి. పొద్దున్నే దగ్గితే నల్లగా పడుతోంది, ఆ నలుపులో ఈ మధ్య ఒక ఎర్ర చార కూడా ఉంటోంది, అది ఎవరికీ చూపించలేదు. చూపిస్తే సరంగు నన్ను కలకత్తాలో దింపేస్తాడు. ఇంకో ఏడాది ఆ కొలిమి ముందు నిలబడితే నేనుండను. వచ్చే కాలంలో ఓడలన్నీ నూనెతో నడుస్తాయి, పారలే ఉండవని ఒక నావికుడు చెప్పాడు. అలాంటి కబుర్లు పొద్దుపోని వాళ్లు చెబుతారు. వచ్చే కాలం నాకెందుకు, నాకు వచ్చే ఏడాది కావాలి.

తబారక్ కుతుబ్ చాచాకి సొంత మేనల్లుడు. మేనమామ తర్వాత మేనల్లుడు కూచోవాలని వాళ్లనుకోరా? మొన్న, అంటే ఎండుచేప పెట్టిన రోజు పొద్దున, వంటగది వెనక రయీసుద్దీన్ సరంగు, తబారక్ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే సరంగు బీడీ ఆర్పి సముద్రం వైపు తిరిగాడు. సగం బీడీ. ఆ మనిషి సగం బీడీ ఆర్పడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ పూటే నా పళ్లెంలోకి ఎండుచేప వచ్చింది. నేను దాన్ని వాసన చూశాను, మెల్లగా ముక్క విరిచి ముందు పిల్లికి పెట్టాను. పిల్లి బాగానే ఉంది. అంటే చేపలో ఏం లేదు, ఉన్నదంతా మనసులోనే ఉంది. సరంగు ఇంకా ఎవరికీ మాటివ్వలేదు, కలకత్తా చేరేలోపు చెబుతానన్నాడు. ఈ లోపు ఇద్దరిలో ఒకడు లేకుండా పోతే చెప్పాల్సిన పనే ఉండదు. బాయిలరులో ప్రమాదం ఎక్కడైనా జరుగుతుంది. మనిషి పోయాక అందరూ అనుకునే మాట కూడా నాకిప్పుడే వినిపిస్తోంది: పాపం ఉస్తార్, తబారక్ వాణ్ణి ఎంత బాగా చూసుకునేవాడో, ఎండుచేప కూడా పెట్టేవాడు. చేప, చొక్కా, మెల్లగా దిగు భాయ్. అన్నీ సాక్ష్యాలే. అందరి ముందూ చేసిపెట్టుకున్నాడు.

కొట్టాను, మూడు దెబ్బలు.

జవాబు లేదు.

సరే, బీడీ వెలిగించుకుంటున్నాడు. మళ్లీ కొట్టాను, జవాబు లేదు. ఇంతసేపూ వెంటనే కొట్టినవాడు. సుత్తి ఆపి విన్నాను. పైన వించి తీరు మారింది, గలగల పోయి ఒక్కొక్క పన్నూ లెక్కపెట్టుకుంటున్నట్టు ఈడుస్తోంది, ఎవరో "ఆవిరి, ఆవిరి" అని కిందకి అరుస్తున్నారు. కోరంగీల పాట ఆగిపోయింది. కన్నం నుంచి గొట్టాల మధ్యగా పడుతున్న వెలుతురు చార ఒకటుంది, దానివల్లే నాకు పగలని తెలుస్తోంది. ఆ చార మీదుగా నీడ పోయింది, మళ్లీ పోయింది. అంటే లేచాడు. నా నెత్తిమీద ఇనుప పలకల మీద కాళ్ల చప్పుడు, ఒకళ్లదా ఇద్దరిదా చెప్పలేను, ఇక్కడ ఒక్క అడుగే పది అడుగులుగా వినిపిస్తుంది. తర్వాత ఒక కేక. తబారక్ గొంతే. మాట తెలియలేదు, కోపం తెలిసింది. ఎవరి మీద కోపం? తర్వాత, నా నెత్తిమీద, వాల్వు ఉన్నచోట, ఇనుము ఇనుమును రాసుకుంటున్న కీచుమనే చప్పుడు. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు. చక్రం తిరుగుతోంది.

మెడ మీద వేడి ఊపిరి పడింది. మొదట మెత్తగానే ఉంది, బిడ్డ ఊదినట్టు. తర్వాత బుస్సుమని శబ్దం మొదలైంది, పక్కన పెట్టుకున్న దీపం రెపరెపలాడి తెల్లబడింది, నా చుట్టూ ఉన్న గాలి తడిసి బరువెక్కింది, మొదటి చుక్క వీపు మీద పడి చురుక్కుమంది. నేను పాకాను. సుత్తి పారేశాను, భుజం ముందు పెట్టాను, ఊపిరి వదలమంటే వదలదు, ఛాతీ కడ్డీల మధ్య ఇరుక్కుంది. అల్లాను పిలిచానో అమ్మను పిలిచానో గుర్తు లేదు, తబారక్‌ను మాత్రం తిట్టాను, వాడి తాతముత్తాతల దాకా వెళ్లి తిట్టాను. నాకు ముందే తెలుసు, ముందే తెలిసీ దిగాను, ఎండుచేప తిని దిగాను. అందులోనే, ఆ తిట్ల మధ్యలోనే ఒక ప్రశ్న లేచింది. వాడు ఆ ముడి ఎలా విప్పాడు? గావంచా ముడి విప్పడమంటే మా వాళ్లలో మనిషిని చేత్తో చంపడమే, పైన ఎవరు చూసినా పట్టుకుంటారు, ఎంత పాపిష్టివాడైనా ఇంకొకడి గావంచా... ఇంకొకడి. నాది కాదు కదా అక్కడుంది. కుతుబ్ చాచాది ఉంది.

కట్టినవాడే విప్పాలి. చాచా కళ్లకి ఏ చక్రం కుడిదో ఏది ఎడమదో ఈ మధ్య తెలియడం లేదు, ఆయనకి తెలిసేది నీలం దారం కుట్లు ఒక్కటే, అవి ఆయన భార్య వేసినవి, ముక్కుకి ఆనించి చూసుకుంటాడు. మొన్న కుడి బాయిలరు గీకడం అయ్యాక లోపలికి దిగి చూసొచ్చింది ఆయనే, అప్పుడు దాని చక్రానికి ఇదే గావంచా కట్టింది ఆయనే. పైన ఆవిరి చాలడం లేదని అరుస్తుంటే ఆయన పరిగెత్తి వచ్చి ఉంటాడు, తన గావంచా చక్రానికి కనపడి ఉంటుంది. ఇది నేను దిగిన కుడి బాయిలరే, బయటికొచ్చి విప్పడం మర్చిపోయాను, అందుకే ఆవిరి రావడం లేదు అనుకుని ఉంటాడు. ఆ ముడి విప్పే హక్కు ప్రపంచంలో ఆయన ఒక్కడికే ఉంది. ఆ హక్కు ఆయన చేతిలో పెట్టింది నేను. కొత్త గావంచా ఎవడో ఎత్తుకుపోతాడని. నా వీపు మీద చుక్కలు పడుతూనే ఉన్నాయి, నేనేమో నా తలకున్న ఎర్ర గళ్ల గుడ్డను తలుచుకుని ఏడుస్తున్నాను. ఈ చక్రం తిప్పితే నేను పోతానని తెలిసి దాని పక్కనే ఉన్నవాడు ఈ ఓడ మొత్తానికి ఒక్కడే. ఇప్పటిదాకా ఎవడు చక్రం దగ్గరికి పోకూడదని మొక్కుకున్నానో, వాడే అక్కడ ఉండాలి, ఒంటేలుకి కూడా పోకుండా అక్కడే ఉండాలి. ఉండు తబారక్. నా మీద నీకు ఏముంటే అది ఉండనీ, నువ్వు మాత్రం అక్కడుండు.

కీచుమన్న చప్పుడు మళ్లీ వచ్చింది, బుస ఆగింది. ఎప్పుడు ఆగిందో చెప్పలేను. ఊపిరి దానంతటదే బయటికి పోయింది, ఛాతీ జారింది, మోచేతుల తోలు కడ్డీలకి ఇచ్చేసి పైకి పాకాను. కన్నంలో నుంచి తల బయటపెట్టేసరికి పగటి వెలుతురు కళ్లలో పొడిచింది, తర్వాత మెల్లగా కనపడింది. తబారక్ చక్రం మీద బోర్లా పడున్నాడు. రెండు చేతులూ చక్రం చువ్వల్లో నుంచి దూర్చి, కింద ఆవిరి గొట్టాన్ని కావలించుకుని, గడ్డం దానిమీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆ గొట్టం మీద తడి చెయ్యి పెడితే చుయ్యిమంటుంది. కుతుబ్ చాచా వాడి వీపు మీద చెప్పుతో కొడుతున్నాడు, కొడుతూ ఆయాసపడుతున్నాడు, ఆగి మళ్లీ కొడుతున్నాడు.

"లేవరా. పైన అరుస్తున్నారు. నా గావంచా నేను విప్పుకుంటే నీకేంట్రా?"

"లేవను మామూ. కొట్టుకో."

"చెవిటి వెధవా, ఆవిరి పోవడం లేదురా పైకి."

"లోపల ఉస్తార్ ఉన్నాడు మామూ. ఇందాకట్నించి చెబుతున్నా. ఉస్తార్ ఉన్నాడు."

"ఉంటే వాడి గావంచా ఉండేది," అన్నాడు చాచా. ఆయనకి చెవులు కూడా సగమే, అరిచి చెబితే అందులో సగం వింటాడు, ఆ సగంలో తనకి కావలసినది వింటాడు. మేనమామ మీద చెయ్యెత్తడం మా వాళ్లలో లేదు. తోసేయడానికి చేతులున్నాయి తబారక్‌కి, బొగ్గు బండ ఎత్తేవాడు, ఆ ముసలాయన్ని ఒక్క తోపుకి మెట్ల కిందకి పంపొచ్చు. పంపలేదు. చక్రం మూసి తన ఒళ్లే దానికి కట్టేసుకున్నాడు.

"చాచా," అన్నాను.

ఆయన నా వైపు తిరిగి, దగ్గరికొచ్చి, ఆవిరి గాజుకి ఆనించినట్టే నా మొహానికి మొహం ఆనించి చూశాడు. చెప్పు చేతిలోనే ఉంది. "ఉస్తార్?" అన్నాడు. "ఇది నాదే కదరా? నా గావంచానే కదా?" భుజం మీదికి వేసుకున్న గుడ్డ చూపించాడు.

"నీదే చాచా."

"మరి నువ్వు లోపల ఎందుకున్నావు?"

"నేనే కట్టాను," అన్నాను. ఆయన ఆ పలకల మీదే కూచుని, చెప్పు కాలికి తొడుక్కోబోయి తొడుక్కోలేక, చేతులు రెండూ చూసుకుంటూ ఏడ్చాడు. నాకు భయం వేసింది, తర్వాత సిగ్గేసింది, కన్నం అంచు మీద అలాగే వేలాడాను. కుడి చక్రం పూర్తిగా తెరవమని తబారక్ చెబితే నేనే పాకి వెళ్లి తెరిచాను, పైన వించి మళ్లీ గలగలమంది, కోరంగీలు పాట అందుకున్నారు. సరంగు దిగివచ్చి తబారక్ చేతులు చూసి ఏమైందని అడిగితే, "కాలు జారి గొట్టం మీద పడ్డా సాబ్," అన్నాడు వాడు. సరంగు చాచా వైపు చూశాడు, నా వైపు చూశాడు, చాచా భుజం మీది గుడ్డ వైపు చూశాడు. ఆ మనిషికి తెలియనిది ఉండదు. "జారేవాళ్లు ఎక్కువైపోయారు ఓడలో," అని మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఎందుకు అబద్ధం చెప్పాడు తబారక్? మామ పరువు కోసమా, నాకోసమా, లేక ఇంకేదైనా ఉందా? చూశారా, నా బుద్ధి ఎక్కడికీ పోలేదు, ప్రాణంతో పాటే బయటికొచ్చింది.

ఇప్పుడు మధ్యాహ్నం అన్నాల వేళ. ఓడ ముందుభాగంలో మా బల్లల మధ్య అందరం కింద కూచున్నాం. తబారక్ రెండు చేతులకీ మోచేతుల దాకా కొబ్బరినూనె పూసి, తెల్ల గుడ్డ చుట్టారు. వేళ్లు కనపడటం లేదు. వంట చేసే భండారీ వాడి పళ్లెం వాడి ముందు పెట్టి, వాడి చేతులు చూసి, నా వైపు చూసి వెళ్లిపోయాడు. నేను ఆ పళ్లెం దగ్గరికి లాక్కుని పప్పన్నం కలిపాను, నా పళ్లెంలోని ఎండుచేప తీసి ముల్లు ఏరి అందులో వేశాను. ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. వాడు నోరు తెరవలేదు. ముద్ద వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఏంటిది, ఇంత ప్రేమ?" అన్నాడు. "ఇందులో ఏం కలిపావు?"

"పిల్లికి పెట్టి చూశాలే. తిను."

చుట్టూ నవ్వారు. వాడు తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడోదానికి తల పక్కకి తిప్పాడు. నొప్పేమో అనుకున్నాను. గొంతు తగ్గించి, అన్నం వంకే చూస్తూ మాట్లాడాడు.

"సరంగ్ సాబ్ మొన్న నన్ను పిలిచారు. తండేలు పని నాకే అన్నారు. నేను వద్దనలేదు భాయ్. ఉస్తార్‌కిమ్మని చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. నాకూ దగ్గొస్తోంది. నువ్వు పొద్దున్నే గోడ వైపు తిరిగి ఉమ్మేది నేను చూశాను. ఎర్రగా పడుతోంది నీకు. అది చూసి కూడా వద్దనలేదు. మూడు రోజుల్నించీ చెబుదామనే చూస్తున్నా. నీ మొహం చూస్తే రావడం లేదు."

నా చెయ్యి గాల్లోనే ఉంది, ముద్ద వేళ్ల మధ్య చల్లారుతోంది. నేను అనుమానపడ్డది నిజమే, ఏదో ఉందనుకున్నాను, ఉంది. ఎప్పుడూ గెలవనివాణ్ణి ఇవాళ గెలిచాను, గెలిస్తే ఇలా ఉంటుందని తెలియదు. వచ్చే ఏడాది పోయింది. ఆ ఏడాదిని వీడు మొన్న తీసేసుకున్నాడు, ఇవాళ్టి రోజును గొట్టం మీద చేతులు కాల్చుకుని నాకు ఇచ్చాడు, ఇప్పుడు ఏడుపు మొహం పెట్టుకుని నా చేతి ముద్ద కోసమో నా తిట్టు కోసమో కూచున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నమలడం ఆపారు. వాడు మళ్లీ ఏదో చెప్పబోతున్నాడు, క్షమించమనే అయి ఉంటుంది, అది గనక వాడి నోట్లోంచి వస్తే నేను అందరి ముందూ ఏడుస్తాను. చేతిలోని ముద్దకి ఇంకాస్త అన్నం చేర్చి, వాడు మాట్లాడటానికి వీల్లేనంత పెద్దది చేసి, నోట్లో పెట్టాను.